కచ్చా పట్టా, పక్కా పట్టా

బుధవారం పొద్దున గుంటూరులో మా దుకాణం షట్టరు సగం ఎత్తానో లేదో ఫోను మోగింది. అన్నయ్య. ఆ వేళప్పుడు అన్నయ్య ఫోను చేసే మనిషి కాదు.

"ఒరేయ్, మీ వదిన లేవట్లేదురా" అన్నాడు.

ఏ పెళ్ళివాళ్ళ బ్లౌజులో పట్టుకుని పొద్దుపోయేదాకా కూర్చుని ఉంటుందిలే అనుకున్నాను. "లేపు మరి" అన్నాను.

"లేపుతూనే ఉన్నానురా. మిషను మీద తల ఆనించుకునుంది. కాఫీ పట్టుకొచ్చా. లేవట్లేదు."

ఆ మాట నాకు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఎక్కాక కూడా నమ్మలేదు. అన్నయ్య వాళ్ళుండే పర్చూరు చేరేదాకా దారి పొడుగునా నాకు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆదివారం నాతో మాటకు మాట అన్న మనిషి బుధవారానికి లేకుండా పోవడమేమిటి? డాక్టరు గుండె అన్నాడు. గుండెలో ఏదో ఉందని ఆమెకీ తెలియదు, మాకూ తెలియదు. ఇది రాస్తూ కూడా "వదిన అంటుంది" అని రాసి, కొట్టేసి, "అనేది" అని దిద్దుతున్నాను. చెయ్యి మాట వినడం లేదు.

మా అన్నయ్య పత్తి జిన్నింగు మిల్లుల్లో ఫిట్టరు. ఒక మిల్లు మూతపడితే ఇంకో మిల్లు. అందుకని వాళ్ళ కాపురం అంతా అద్దె ఇళ్ళలోనే గడిచింది. వదిన ఏ ఇంట్లో ఉన్నా వీధి గదిలో మిషను వేసుకుని బ్లౌజులు కుట్టేది. మంచి చెయ్యి అని పేరు. దానితోపాటు ఇంకో పేరు కూడా ఉంది: ఆమె దగ్గర బ్లౌజు ఇస్తే ఓ పట్టాన తేలదు. ముందు కచ్చా కుట్టు వేసేది. అంటే గట్టి కుట్టు వేయకముందు పొడుగు పొడుగు కుట్లతో బట్టను ఊరికే నిలబెట్టడం. అది తొడిగి చూసేది. విప్పేది. మళ్ళీ కచ్చా కుట్టే వేసేది.

"వదినగారూ, పెళ్ళి ఎల్లుండేనండీ" అని ఎవరో అమ్మాయి లబలబలాడుతుంటే, "రేపొచ్చి ఇంకొక్కసారి తొడుక్కుని చూడమ్మా. పక్కా కుట్టు పడ్డాక ఇంక మనసు మార్చుకోకూడదు" అనేది.

ఇంటి విషయంలోనూ అంతే. అద్దె ఇంటి గోడకు ఒక్క మేకు కొట్టనిచ్చేది కాదు. క్యాలెండరు కిటికీ ఊచకు దారంతో కట్టి ఉండేది. అన్నయ్య సుత్తి పట్టుకుంటే చాలు, "మనది కాని గోడకి మేకేంటయ్యా" అని లాక్కునేది.

ఇక రైలు సంగతి. దానికి నేనే కారణం.

నాది మోటార్లకు వైండింగు చేసే దుకాణం. రైతుల బోరు మోటార్ల మధ్య ఒకసారి ఎవరో ఒకాయన బొమ్మ రైలు పెట్టె తెచ్చి, నడవట్లేదు చూడమని ఇచ్చి వెళ్ళాడు. ఇంజను, మూడు పెట్టెలు, గుండ్రంగా బిగించుకునే పట్టాల ముక్కలు, గోడ ప్లగ్గులో పెట్టుకునే చిన్న కంట్రోలు డబ్బా. బాగు చేశాను. ఆయన మళ్ళీ రాలేదు. ఏళ్ళు చూసి, అన్నయ్య కూతురి పుట్టినరోజుకి ఇచ్చేశాను. ఆ పిల్ల నాలుగు రోజులు ఆడి వదిలేసింది. వదిన వదల్లేదు.

ఎందుకో తెలియాలంటే ఆమెది దర్శి అని చెప్పాలి. ఆమె పెరిగే రోజుల్లో ఆ ఊరికి రైలు లేదు. రైలు చూడాలంటే బస్సెక్కి ఒంగోలు వెళ్ళాల్సిందే. చిన్నప్పుడు మేనమామ పెళ్ళికి వెళ్ళి, స్టేషను కంచె దగ్గర నిలబడి, పెళ్ళి భోజనం పోగొట్టుకుందట. దర్శికి స్టేషను వస్తే ఎక్కడ కట్టాలో కూడా అప్పుడే అనుకుందట. మొన్నమొన్న అటు లైను వేసినప్పుడు పేపరు మడిచి పక్కన పెట్టి, "రైల్వేవాళ్ళు ఇప్పుడొచ్చారు. నేను ఎప్పుడో ఏశాను" అంది.

అవును, వేసింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, బేరాలు రాని గంటలో, చాప ఎత్తేసి నేలమీద ఆ ముక్కలు బిగించేది. వాటి కిందే ప్లాస్టిక్కు రైలుకట్ట కూడా అచ్చుపోసి ఉంటుంది. టక్ మని ఒకదాంట్లో ఒకటి దిగుతాయి. టక్ మని ఊడతాయి. ఇల్లు మారినప్పుడల్లా వాటిని పాత చీరలో మూటకట్టి, మిషనుతోపాటు లారీ ముందు సీట్లో తన ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేది. వాటికి ఆమె పెట్టిన పేరు కచ్చా పట్టాలు.

చివరికి పర్చూరులో సొంత ఇల్లు కట్టుకున్నారు. పైన ఒక గది వేశారు, చుట్టాలొస్తే ఉంటుందని. ఆ గదిలో వదిన వడ్రంగి చేత పెద్ద ప్లైవుడ్ బల్ల చేయించి గది సగం ఆక్రమించింది. అప్పుడు మొదలైంది అసలు గొడవ. ఇలాంటివాటికి ఇంకో రకం పట్టా ఉంటుందని ఆమెకు ఫోనులో ఎవరో పెట్టిన వీడియోలో కనబడింది. బారెడు పొడుగు పట్టా. ఎటు వంచితే అటు వంగుతుంది. కావలసినంత కోసుకోవచ్చు. అయితే దానికి కట్ట ఉండదు. బల్లమీద అతికించి, పక్కన కంకర పోసి, దానిమీద జిగురు పోయాలి. ఒకసారి పోశామా, ఇక తీయడమంటే విరగ్గొట్టడమే.

"ఇది పక్కా పట్టా అబ్బాయ్. తెప్పించు" అంది.

నేను వద్దన్నాను. నా లెక్క నాది. ముక్కలైతే నచ్చినట్టు మార్చుకోవచ్చు. చుట్టాలొస్తే పావుగంటలో తీసి బల్ల గోడకు చేరేయవచ్చు. ఆమె లెక్క ఆమెది. "ముక్కల్లో కంపెనీవాడు ఇచ్చిన వంపే తిరగాల. మెడ ఎంతుందో చూడకుండా మెడ కత్తిరిస్తే ఎట్టుంటది? ఇదైతే క్రాసుగా కత్తిరించిన బట్టలాగా ఎటంటే అటొస్తది. అయినా కరెంటోడివి, నువ్వే అన్నావుగా, అతుకులు ఎన్ని తక్కువుంటే అంత మంచిదని!"

అన్నాను. ఏం చేస్తాం, తెప్పించాను.

ఆ పట్టా మూలంగా వీధిలో ఒక తమాషా కూడా జరిగింది. "పట్టా వచ్చిందా అబ్బాయ్? నాకు కచ్చాది వద్దు, పక్కా పట్టానే కావాల" అని వదిన వరండాలో నిలబడి ఫోనులో నాతో గట్టిగా మాట్లాడటం ఎదురింటావిడ విన్నది. సాయంత్రానికి నలుగురు ఆడవాళ్ళు ఆధారు కార్డులు పట్టుకుని వచ్చేశారు. "మీ మరిది ఇళ్ళ పట్టాలు ఇప్పిస్తున్నాడంటగా వదినా, మా పేర్లు కూడా రాయించు." వదిన వాళ్ళను పైకి తీసుకెళ్ళి, ఉన్న కచ్చా పట్టాలే చూపించి వాటిమీద రైలు నడిపింది. ఆ నలుగురిలో ఇద్దరు అలిగారు. ఒకావిడ మాత్రం ఆ రైలు మళ్ళీ నడిపించమని మర్నాడు కూడా వచ్చింది.

కంకర కథ ఇంకొకటి. అంత చిన్న కంకర ఎక్కడ దొరుకుతుందని, మిరపకాయలకు తొడిమలు తీసినప్పుడు రాలిన గింజలన్నీ జల్లించి పట్టాల పక్కన పోసింది. చూడటానికి అచ్చం కంకరలాగే ఉంది, కాదనను. ఒకరోజు ఇంట్లో ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారిని ఆ గదిలో కూడా ప్రార్థన చేయమని అడిగారు. ఉక్కగా ఉందని ఎవరో ఫ్యాను వేశారు. ఆయన "ప్రేమగల తండ్రీ" అన్నారు, తర్వాత ఒక్క మాట కూడా అనలేకపోయారు. గదిలో ఉన్నవాళ్ళందరం తుమ్ముతూ మెట్లు దిగి పారిపోయాం. వదిన మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళతో నవ్వుతూ గింజలు ఎత్తింది. తర్వాత ఇల్లు కట్టగా మిగిలిన రాతి డస్టును పిండి జల్లెడతో పట్టి డబ్బాలో పోసి ఉంచింది. అదైతే తుమ్ములు రావు.

బల్లమీద ఊరు కూడా మెల్లిగా తయారైంది. పత్తిచేలకు నిజం పత్తే. మిర్చి కల్లానికి, కుట్టగా మిగిలిన ఎర్ర దారాలు సన్నగా కత్తిరించి పరిచింది. అట్టతో దర్శి స్టేషను కట్టింది. ఊరంతా ఉంది, స్టేషను ఉంది, పట్టా మాత్రం పడలేదు. పొడుగు పట్టాలకు నేను టంకం పెట్టి అతుకులు వేసి, కరెంటుకు ఎర్ర వైరు, నల్ల వైరు కూడా అతికించి ఇచ్చాను. వాటిని బల్లమీద పరిచి, అటూ ఇటూ గుండుసూదులు గుచ్చి నిలబెట్టింది. ఇది కూడా కచ్చా కుట్టే! నేను వెళ్ళినప్పుడల్లా ఒక వంపు మారి ఉండేది.

పోయిన ఆదివారం ఆరాధన కాగానే గుడి నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. కోడికూర తిని పైకెక్కాం. ఆ సూదులు చూసేసరికి నాకు ఒళ్ళు మండింది.

"వదినా, నీ వల్ల కాదు. నువ్వు జన్మలో పక్కా కుట్టు వేయవు. ఆ పాత ముక్కలే తీసి బిగించెయ్. చుట్టాలొచ్చినా ఇబ్బందుండదు" అన్నాను.

"చుట్టాలు చుట్టాలంటావు. ఎవరొస్తున్నారయ్యా ఇప్పుడు?"

"వస్తే ఎక్కడ పడుకోవాలి?"

"రానీ, అప్పుడు చూద్దాం."

"ఇది నీ సొంతిల్లు. సొంత గది. ఇంకా దేనికి నీకు సూదులు?"

ఆ మాట కొంచెం గట్టిగానే అన్నాను. ఆమె నావైపు చూసి, ఒక సూది పీకి జాకెట్టుకు గుచ్చుకుంది. "చూద్దాంలే అబ్బాయ్" అంది. అదే ఆఖరు మాట. అంతకంటే మంచి మాట ఏదైనా అని ఉంటే బాగుండేదని మీకు అనిపించవచ్చు. నాకు ఈ మాటే చాలు. కాని ఆ చూడటమేదో చూసి వెళ్ళలేదే అన్న బాధ మాత్రం సమాధి దగ్గర మన్ను వేస్తున్నప్పుడు కూడా నన్ను పీడించింది. ఒక మనిషి తన ఇంట్లో తన పట్టా వేసుకోకుండానే పోవచ్చా?

సమాధి కార్యక్రమం అయ్యాక దర్శి నుంచి, కనిగిరి నుంచి వచ్చిన చుట్టాలు ఆదరణ కూడిక ప్రార్థనదాకా ఉంటామన్నారు. భోజనాలయ్యాయి. వదిన అక్క ఒకావిడ, పెద్దావిడ, కనిగిరి నుంచి ఎండలో వచ్చింది, కూర్చోలేకపోతోంది. అన్నయ్య నా దగ్గరకు వచ్చి నేల చూస్తూ, "పైగది ఖాళీ చెయ్యరా. బల్ల తీసేద్దాం" అన్నాడు.

నేనొక్కడినే మెట్లెక్కాను. సూదులేగా, పీకితే వచ్చేస్తుంది. ముందు దర్శి స్టేషను ఎత్తి పక్కన పెడదామని చెయ్యి వేశాను. రాలేదు. సూదుల కోసం చూశాను. ఒక్కటీ లేదు. వంపు దగ్గర పట్టాను రెండు వేళ్ళతో పట్టుకుని లాగాను. కదల్లేదు. వంగి చూస్తే పట్టా పొడుగునా జల్లించిన డస్టు, దానిమీద జిగురు, గట్టిగా ఆరిపోయి ఉంది. బల్ల చివర మిషనుకు నూనె వేసే ముక్కుడబ్బా ఉంది. దాంట్లోంచి తెల్ల జిగురు చుక్క చుక్కగా వేసిందన్నమాట. డబ్బా ముక్కుకు జిగురు గడ్డకట్టి ఉంది.

ఆ డబ్బా తీసి ముక్కు మీది గడ్డను గోటితో గీకాను.

అన్నయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏందిరా, ఆలస్యం?"

"అన్నయ్యా, వదిన అతికించేసింది."

"ఏది?"

"పట్టా. మొత్తం."

అన్నయ్య వచ్చి అరచెయ్యి పట్టామీద పెట్టాడు. చాలాసేపు తీయలేదు. "మంగళవారం అన్నానికి పిలిస్తే దిగలేదురా" అన్నాడు. "'జిగురు ఆరిపోద్ది, నువ్వు తిను' అంది. స్టేషనుకేదో అంటిస్తందిలే అనుకున్నా. అడగలేదు."

పత్తి బేళ్ళు బిగించే మిషన్లను బాగుచేసే మనిషి, మా అన్నయ్య, ఆ బల్ల కోడు పట్టుకుని పిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. రెండు రోజులుగా రానిది అప్పుడు వచ్చింది.

తర్వాత అన్నయ్యే ముఖం తుడుచుకుని, మెట్లమీది నుంచి కేకేశాడు: "బల్ల రాదమ్మా! చాపలు పట్రండి, బల్ల కింద ఏసుకోండి!"

అన్నయ్య కూతురు, మిగతా ఆడవాళ్ళు చాపలు తెచ్చి పరిచారు. కనిగిరి పెద్దమ్మ మెల్లిగా వంగి బల్ల కిందికి పాకి, చెల్లెలు కట్టిన ఊరి కింద పక్కకు తిరిగి పడుకుంది. కాళ్ళు రెండూ బయటికి ఉన్నాయి. కాసేపటికి నిద్రపట్టింది.

అప్పుడు చూశాను. దర్శి స్టేషను దగ్గర బల్లకు రంధ్రం చేసి, నేను అతికించిన ఎర్ర వైరు, నల్ల వైరు కిందికి దించి వదిలేసింది. వాటిని కంట్రోలు డబ్బాకు కలపలేదు. కరెంటంటే ఆమెకు భయం. ఆ పని ఎప్పుడూ నాదే. చిక్కుపడకుండా రెండింటినీ కలిపి తెల్ల దారంతో ముడివేసి ఉంచింది. ఫ్యాను గాలికి ఆ రెండు వైర్లూ నిద్రపోతున్న పెద్దమ్మ ముఖం మీద మెల్లగా ఊగుతున్నాయి.