కాపీ కొడితే లేవని సీడీ

సీడీ అంటే మాకు అన్నిటికీ పనికొచ్చే రేకు అయిన రోజులవి. పాటలుంటే వినేది, గీతలు పడితే ఆటో వెనక తగిలించేది, దానికీ పనికిరాకుంటే బాల్కనీల దారం కట్టి పావురాలను బెదిరించేది. ఆ రేకు చచ్చిన కంప్యూటర్‌ను లేపుతదని ఎవరన్న అంటే నవ్వేటోన్ని. ఆ రేకు ముందటనే ఒక రోజు చేతులు కట్టుకొని మొక్కిన, అది వేరే కథ. కాదు, ఇదే ఆ కథ.

తొమ్మిదో తరగతిల నేను బడికి సలాం కొట్టిన. (బడే నాకు ముందు కొట్టిందని మా బాపు అంటుండె.) ఆ తర్వాత ఆ పనీ ఈ పనీ చేసి, ఇరవై రెండేండ్లకు పురానాపూల్ దగ్గర ఒక నెట్ సెంటర్ల కుదిరిన. ఓనర్‌ను అందరం భాయ్ అనేటోళ్లం. బిగుసుకుపోయిన కంప్యూటర్ వీపు మీద నేను ఒక్కటి చరిస్తే లేచి కూసునేది కాబట్టి, ఆయన నాకు 'డాక్టర్' అని పేరు పెట్టిండు. ఆ పేరు కిషన్‌బాగ్‌ల మా గల్లీ దాకా పాకింది. పాకి, మా ఎదురింట్లకు పోయింది.

ఎదురింట్ల కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక సర్కారు ఆఫీసు సార్ కుటుంబం కిరాయికి ఉండేది. వాళ్ల బిడ్డ డిగ్రీ ఆఖరి ఏడాది. ఒకనాడు గేటు కాడ నిలబడి, "ఏమండీ, మీరు కంప్యూటర్లు బాగుచేస్తారటగా?" అన్నది. నేను వెనక్కి తిరిగి చూసిన, ఎవరన్న పెద్దమనిషి వచ్చి నిలబడ్డడేమోనని. పుట్టినకాడికెల్లి గల్లీల నన్ను "అరేయ్" అన్నోళ్లే గానీ "మీరు" అన్నోళ్లు లేరు. ఇగ "ఏమండీ" అంటరా, అది సినిమాల్ల పెండ్లాలు మొగుళ్లను పిలుస్తుంటేనే విన్న. చెవులు రెండు ఎర్రగైనయి.

ఆమె కంప్యూటర్ల సిస్టం, అంటే దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, మొత్తం పోయింది. కొత్తగ వెయ్యాలె. పది రోజుల్ల కాలేజీల ప్రాజెక్టు ఇయ్యాలె. "ఇంజినీరింగ్ చదివారా అండీ?" అని అడిగింది. "ఆ లైన్లనే ఉన్న" అన్న. (అబద్ధం ఏం కాదు. రేషన్ షాపు కాడ సంచి పట్టుకున్నోడు గూడ లైన్లనే ఉంటడు.) అప్పటికెల్లి నాకు ఒక్కటే ఫికర్. కంప్యూటర్ లేవకున్నా సరే, నా తొమ్మిదో తరగతి సంగతి మాత్రం ఆమెకు తెల్వద్దు. తెలిస్తే ఆ "మీరు" నాకు మళ్ల దొరకదు.

భాయ్‌ను అడిగితే, "నెట్‌ల ఊకెనే దొరికే సిస్టం ఉంది మియా. దాని ఇమేజ్ దించుకో, సీడీ పే జలావ్" అన్నడు. ఇమేజ్ అంటే నాకు తెలిసింది ఫోటో. జలానా అంటే కాల్చుడు.

"ఫోటో కాల్చుడేంది భాయ్? మంచిది కాదు."

"అరే, తూ డాక్టర్ హై యా కంపౌండర్?"

దించుడు నాలుగు రోజులు పట్టింది. నెట్, ఫోన్ రెండూ ఒకే తీగ మీద నడిచేటియి, భాయ్ అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా నెట్ తెగేది. ఆమెకు అల్లుడంటే మస్తు ప్రేమ. ఆఖరికి ఫైలు దిగింది. వెంట ఎట్ల చెయ్యాలో చెప్పే ఇంగ్లీషు కాయిదం ఒకటి ఉంటే అది గూడ ప్రింటు తీసి, మడిచి, పెన్నుతోని కలిపి జేబుల పెట్టుకున్న. చదవనీకె కాదు, కనపడనీకె. ఫైలును మాత్రం ఉన్నదున్నట్టు సీడీ మీదికి కాపీ కొట్టిన. బడిల నేను నేర్చుకున్న ఒకే ఒక్క విద్య అది. (దాంతోనే ఫెయిలయిన సంగతి ఆ టైముకు యాదికి రాలే.)

ఆమె ఇంట్ల సీడీ పెట్టిన. స్క్రీన్ నల్లగై, ఒక ఇంగ్లీషు లైను చూపించి ఊకుంది. రెండో సీడీ పెట్టిన. అదే నలుపు, అదే లైను. చెమటలు కారుతున్నయి. వాళ్లమ్మ వంటింట్ల నుంచి, "కాపీ ఇమ్మంటావా బాబూ?" అని అడిగింది.

"ఇప్పటికే రెండు మాట్ల కొట్టిన అమ్మా!" అన్న.

పక్కన నిలబడ్డ బిడ్డ ముక్కుల నీళ్లొచ్చేటట్టు నవ్వింది. నవ్వుకుంటనే నా జేబుల కాయిదం చూసి, "అందులో ఏముందో ఒకసారి చదవండి" అన్నది. నేను కాయిదం విప్పి, దూరం పెట్టి, దగ్గర పెట్టి, "అద్దాలు మర్చిపోయిన" అన్న. "మీకు అద్దాలు లేవుగా అండీ" అని మెల్లగ నా చేతుల నుంచి తీసుకుంది.

"మొదటి లైన్లోనే ఉంది. ఫైల్‌ను కాపీ చేయకూడదంట. ఇమేజ్ అంటే సీడీ మొత్తానికి అచ్చు. దాన్ని సీడీగా పోత పోయాలి."

భాయ్ కాల్చమన్నది గీ పోతనే. అంటే నేను పిండి గిన్నె తెచ్చి పళ్లెంల పెట్టి, ఇడ్లీలు తినుండ్రి అన్నట్టు.

తెల్లారి పొద్దుగాల ఆమె, వాళ్లమ్మ సెంటర్‌కొచ్చిన్రు. భాయ్ తన రుమాలుతోనే కుర్చీలు తుడిచిండు. ఆమె ఒక్కొక్క లైను చదువుతుంటే నేను నొక్కిన. "తేజ్ నక్కో. గడబిడల కాలిస్తే కచ్చిగ ఉంటది" అని భాయ్ వేగం అన్నిటికన్న తక్కువ పెట్టించిండు. బల్ల కదిలితే సీడీ ఖరాబైతదని ఎవ్వరినీ ముట్టనియ్యలే, గాలికి గూడ అనుమానపడి ఫ్యాన్ బంద్ చేసిండు. ఆ ఉక్కల ఆమె నా పక్క కుర్చీల, గాజులు సప్పుడు చెయ్యకుండ చేతులు ఒళ్లె పెట్టుకొని, స్క్రీన్ మీద నిండే పట్టీనే చూస్తుండె. జనం పట్టీ జల్ది నిండాలని మొక్కుతరు. నేను నింపాదిగ నిండమని మొక్కిన. పావుగంట. నా జిందగీల అంత చల్లటి పావుగంట మళ్ల రాలే.

సెంటర్ల ఒక కంప్యూటర్‌ల ఆ సీడీ పెట్టి చూసినం. స్క్రీన్ నల్లగైంది, నా పానం పోయింది, ఆ తర్వాత రంగులు పూసినయి. "లేచిందండీ!" అని ఆమె చప్పట్లు కొట్టింది. వాళ్లమ్మ ఆటో కోసం భాయ్ వెంట బయటికి పోయింది.

అప్పుడు అడిగింది, గొంతు తగ్గించి. "మీరు ఎంతవరకు చదువుకున్నారు?"

ఎగతాళి లేదు ఆ గొంతుల. నాకు మాత్రం నోట్లె జోకు ఎప్పుడు తయారే. "తొమ్మిదో తరగతి రెండు మాట్ల చదివిన మేడం. కలిపితే పద్దెనిమిది. మీ డిగ్రీ కన్న మూడు ఎక్కువ."

నవ్వింది. నవ్వు ఆపి, "ఇంగ్లీషు చదవడం నేను నేర్పిస్తాను. సాయంత్రం మా ఇంటికొస్తారా?" అన్నది.

తెలిసినంక గూడ "వస్తారా" అన్నది. అది చెవుల పడింది గానీ బుర్రకెక్కలే. "నాకు నేర్పితే మీరు మర్చిపోతరు మేడం" అన్న. ఈసారి ఆమె నవ్వలే. "సరేనండీ" అని సీడీ తీసుకొని పోయి ఆటో ఎక్కింది. ఆ సీడీతోని సిస్టం తనే వేసుకొని, ప్రాజెక్టు టైముకు ఇచ్చిందని వాళ్లమ్మ మిఠాయి పంపింది. ఆరు నెలలకు సార్‌కు బదిలీ అయింది.

ఇంగ్లీషు నేనే నేర్చుకున్న, ఒక్కన్నే, పాత మాన్యువళ్లు కూడబలుక్కుంట. ఇప్పుడు నాకో సొంత దుకాణం ఉంది. సిస్టం వెయ్యాలంటే మొదటి లైను గట్టిగ చదివి మొదలుపెడత. ఆ ఇరవై రెండేండ్లోడు ఎప్పుడన్న ఎదురైతే చెవి మెలిపెట్టి, "వస్త అను బే, రెండే అక్షరాలు" అని చెప్పాలనుకుంట. గానీ వాడు ఊకుంటడా? ఏదో ఒక జోకు ఏస్తడు. నేను నవ్వుత. మాట మళ్ల గాలికి పోతది.