బండల మీద టమోటా మడులు

తిరుపతిలో మా అత్తవారి పెరడంతా రాతిబండలే. కాలికి మన్నంటకూడదని మామగారి తండ్రి కాలంలోనే పరిపించారట. గుడి కైంకర్యంలో ఉన్న ఇల్లు. అత్తగారు తడిబట్టలతో బావికీ వంటింటికీ ఆ బండల మీదే తిరిగేవారు. పలమనేరులో టమోటా తోటల మధ్య పెరిగిన నాకు, పెళ్లయిన కొత్తలో ఆ పెరట్లో ఊపిరాడేది కాదు.

ఆ సంగతి నాయన చెవిన పడింది. ఆయన బడిపంతులు, మనసంతా మాత్రం సేద్యం మీదే. మన్నూ ఎరువూ మూటలు కట్టి, బస్సు టాపు మీద వేయించుకుని వచ్చి దిగారు. బండల మీదైనా మడులు కట్టొచ్చని చెప్పి, సున్నం పెట్టకుండా ఇటుకలు వరసలుగా పేర్చారు. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుందని అడుగున పెంకుముక్కలు, వాటి మీద కొబ్బరిపీచు పరిచారు. ఆపైన ఎర్రమన్ను, ఇసుక, పశువుల ఎరువు. చిన్న మూటలోంచి బూడిదరంగు పొడి ఏదో తీసి కలిపారు. మామగారు పక్కనే నిలబడి మెచ్చుకున్నారు. వియ్యంకుడి మెప్పుకు నాయన ముఖం విప్పారితే నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

నారు బతికింది, పిందె పట్టింది. వచ్చిన చిక్కల్లా ఒక వీధికుక్కతో. ఎంత తరిమినా మళ్లీ వచ్చి ఆ మన్నే తవ్వేది. దీనికి టమోటాల మీద ఇంత మోజేమిటని అత్తగారు నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని.

నాయన మళ్లీ వచ్చినప్పుడు, విస్తర్లు వేస్తూ ఆవిడ ఆ మాటే అడిగారు. ఆయన గొప్పగానే చెప్పారు.

"ఎముకల పొడి ఏసినాను గదమ్మా, ఆ వాసనకు వస్తాది. కాయ గుత్తులు గుత్తులుగా దిగుతాది, చూస్తా ఉండండి."

ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. అత్తగారు చేతిలో విస్తరి అలాగే పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. ఇన్నాళ్లూ అది తొక్కే గుడికి పోయినానా అని గొణుక్కుంటూ మామగారు మళ్లీ స్నానానికి లేచారు. నాయన విస్తరి వీధి తిన్నె మీద పడింది. తోటల్లో అందరూ వేసే ఎరువే. తెచ్చి ఏ ఇంట్లో వేస్తున్నాడో మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు. నేనే వడ్డించాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయి ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. ఆయనా తలెత్తలేదు.

తిన్నాననిపించి లేచి, పిందెలతో సహా మొక్కలు పీకి, మన్నంతా గోతాలకెత్తారు. బండలు కడిగారు. నేను నీళ్లు తోడిపోశాను. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా తిన్నె దాటలేదు. బస్టాండులో కాఫీ తాగేసి వచ్చానని మంచినీళ్లు కూడా వద్దనేవారు.

మా పిల్లవాడి అన్నప్రాశనకు అత్తగారే కబురు పెట్టారు. ఆవిడ మనసులో ఏమీ మిగల్లేదు. గుమ్మం దాకా ఎదురు వెళ్లి, "లోపలికి రా అన్నా, ఆడనే నిలబడినావేమి" అన్నారు.

నాయన వెంటనే లోపలికి రాలేదు. బడిలో పిల్లల్ని వరసగా నిలబెట్టి గోళ్లు చూసే మనిషి, తన రెండు చేతులూ చాచి, అటూ ఇటూ తిప్పి ఆవిడకు చూపించారు.

"కడుక్కున్నానమ్మా" అన్నారు.

ఆ ఇంటి కోడలిగా ఆ గుమ్మంలో నిలబడడానికి నాకు సిగ్గేసింది.