నెమళ్ళ వైపు తిరిగిన పిల్ల

పొద్దున్న మెలకువ వచ్చాక యిన్ వెంటనే కళ్ళు తెరిచేది కాదు. దుప్పట్లోనే ఉండి, తన దగ్గరున్న ఒకే ఒక్క జ్ఞాపకాన్ని మొదటినుంచి చివరిదాకా ఒకసారి చూసుకునేది. ఎండ. ఎత్తైన గోడ. గోడ మీద మూడు నెమళ్ళు. తను ఎవరి భుజాల మీదో కూర్చుని, ఆవనూనె వాసన వేసే జుట్టును రెండు చేతులా పట్టుకుని ఉంది. కింద నేల మెల్లగా ఊగుతోంది. వెనకెక్కడో ఎవరో దగ్గుతున్నారు. అక్కడితో తెగిపోయేది. ఏదీ చెదరలేదని నమ్మకం కుదిరాక లేచి, టీకి నీళ్ళు పెట్టుకునేది.

ఆ భుజాలు నాన్నవి. అది యిన్‌కి ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెప్పనక్కర్లేదు కూడా. నాలుగేళ్ళ పిల్లను నాన్న కాక ఎవరు మోస్తారు?

నాన్న చుంగ్ అస్సాంలోని మాకుంలో తేయాకు పెట్టెలు చేసే వడ్రంగి. ఆ ఊళ్ళోనే పుట్టాడు, ఆ ఊళ్ళోనే పెళ్ళాడాడు. అరవై రెండులో చైనాతో యుద్ధం వచ్చింది. ముఖాలు చైనావాళ్ళవి కనక, ఒక మధ్యాహ్నం పోలీసులు వచ్చి కట్టుబట్టలతో బయల్దేరమన్నారు. ఏడు రోజుల రైలు ప్రయాణం, చివర ఎడారి పక్కన దేవళీ క్యాంపు. రెండో వేసవిలో నాన్న అక్కడే పోయాడు. విడిచిపెట్టాక వచ్చి చూస్తే మాకుం ఇంట్లో ఎవరో ఉన్నారు. అమ్మ యిన్‌ను తీసుకుని కలకత్తా వచ్చి, చైనావాళ్ళ పేట టాంగ్రాలో తోళ్ళ కార్ఖానాలో పనికి కుదిరింది. బతికినన్నాళ్ళూ, క్యాంపు మాట ఎత్తితే చాలు, లేచి వెళ్ళి బియ్యం కడిగేది. అలా ఎన్నిసార్లు కడిగిందో. ఫొటో ఒక్కటీ మిగల్లేదు. నాన్న ముఖం యిన్‌కి తెలియదు. టాంగ్రా శ్మశానంలో నాన్న పేరున అమ్మ కట్టించిన సమాధి కింద ఒక ఉలి తప్ప ఏమీ లేదు.

ఏటా ఏప్రిల్ మొదట్లో సమాధుల పండుగ వస్తుంది. అందరూ చీపుళ్ళూ నీళ్ళ బకెట్లూ పట్టుకుని వెళ్ళి, సమాధులు కడిగి, టీ పోసి, కాల్చిన పందిమాంసం, నారింజలు పెట్టి, పోయినవాళ్ళకు చేరాలని కాగితపు నోట్లు కాలుస్తారు. తర్వాత ఆ తిండి అంతా చైనావాళ్ళ సంఘం హాలుకు వస్తుంది. హాల్లో కిటికీ పక్క బల్ల క్యాంపువాళ్ళది. ఒకప్పుడు నాలుగు బల్లలు కలిపి వేసేవారు. యిన్‌కి యాభై మూడేళ్ళొచ్చిన ఆ ఏడు ఒక్క బల్ల చాలింది.

ఆ బల్ల దగ్గర ఒక నియమం ఉంది. అందరిలోకి చిన్నవాళ్ళు ముందు చెప్పాలి. ఎవరు చెప్పినా మిగిలినవాళ్ళు దిద్దకూడదు. తేదీలకోసం, ఎవరి వార్డులో నీళ్ళు ఎక్కువ వచ్చేవన్నదానికోసం ఒకప్పుడు గిన్నెలు విసురుకునేదాకా పోయారట. అప్పుడు ష్యే పెద్దమ్మ పెట్టింది ఈ నియమం. ఆమెకు ఎనభై ఏళ్ళు, ధర్మతల్లాలో నలభై ఏళ్ళు బ్యూటీ పార్లర్ నడిపింది, ఆమె మాట తీసెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

ఆ రోజు పళ్ళ డాక్టర్ హో ఆగలేక వరస తప్పి తన పాము కథ మొదలుపెట్టాడు. క్యాంపు స్నానాలగదిలో కనబడిన పాము.

"ఇదిగో, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఉంది," అన్నాడు చేతులు చాచి.

"పోయినేడు బల్లంత ఉండేది కదరా హో," అంది ష్యే పెద్దమ్మ.

"దిద్దకూడదు పెద్దమ్మా! నియమం నువ్వే పెట్టావు."

"దిద్దట్లేదురా నాయనా, బాగా మేపుతున్నావే అంటున్నా. నువ్వు నోరు మూసుకో, చిన్నపిల్ల చెప్పాలి ముందు. యిన్, చెప్పవే తల్లీ."

జుట్టు నెరిసిన యిన్, ఆ బల్ల దగ్గర ఎప్పటికీ చిన్నపిల్లే. ఎప్పటిలాగే చెప్పింది. ఎండ, గోడ, మూడు నెమళ్ళు, ఆవనూనె వాసన, వెనకెక్కడో దగ్గు. చెబుతుంటే హాల్లో గిన్నెల చప్పుడు దూరంగా జరిగిపోయింది, కిటికీలోంచి పడే వెలుగు పాతబడి పసుపురంగుకు తిరిగింది. అందరూ ఎప్పటిలాగే తలలూపారు. బల్ల చివర లియావ్ బాబాయి మాత్రం ఎప్పటిలాగే నారింజ తొక్క వొలుచుకుంటూ కూర్చున్నాడు. ఆయన పాతకాలపు చెప్పుల పనివాడు. డెబ్బై అయిదేళ్ళు దాటినా ఆ హాల్లో అందరికంటే పొడగరి.

తర్వాత యిన్ సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది.

"నాన్న సమాధి రాయి చెక్కిస్తున్నా. రేపు పని మొదలు. పేరు కింద ఒక మాట ఉండాలి కదా, ఇది రాశాను. 'కూతురిని భుజాల మీద మోసినవాడు.' బాగుందా?"

"బాగుంది," అన్నాడు హో. "చాలా బాగుంది," అంది ష్యే పెద్దమ్మ ముక్కు తుడుచుకుంటూ.

లియావ్ బాబాయి చేతిలో నారింజ ఆగిపోయింది.

"రాయి మీదా?" అన్నాడు.

"అవును బాబాయ్."

"చెక్కేస్తే ఇక చెరపలేరు."

"చెరపడం ఎందుకు?"

ఆయన ష్యే పెద్దమ్మ వైపు చూశాడు. "వదినా, నేనీ ఒక్కసారి నియమం తప్పుతా."

"తప్పకు," అంది ఆమె. అంతలోనే, ఆయన ముఖం చూసి కాబోలు, "సరే, తప్పు," అంది.

"ఆ భుజాలు నావమ్మా," అన్నాడు లియావ్.

యిన్ నవ్వింది, సరిగా వినబడలేదనుకుని. ఎవరూ నవ్వకపోయేసరికి కాగితం బల్ల మీద పెట్టింది.

"మీ నాన్నకి అప్పటికే క్షయ. ఆస్పత్రి గదిలో వేరుగా పెట్టారు. అంటుకుంటుందని నిన్నూ మీ అమ్మనీ దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. గది చుట్టూ మనిషెత్తు తడిక. లోపల కిటికీలోంచి ఆయనకి ఆకాశం తప్ప ఏం కనబడదు. మనిషి మీద మనిషి ఉంటే పైమనిషి కనబడతాడు. నేను పొడుగు కదా, అందుకని నన్ను అడిగాడు."

"మరి నెమళ్ళు?"

"తడిక ఇటుపక్క, గోడ అటుపక్క. నెమళ్ళు చూద్దాం రా అంటే నువ్వు ఎగిరి ఎక్కేదానివి. పిల్లని ఇటు తిప్పుతానయ్యా, ముఖం చూడు అన్నాను మొదటిరోజు. వద్దన్నాడు. తిప్పకు, నన్ను చూస్తే వస్తానని ఏడుస్తుంది, అటే ఉండనీ అన్నాడు. నువ్వు నెమళ్ళని చూసేదానివి. ఆయన నిన్ను చూసేవాడు. ఆ దగ్గేది ఆయనే."

హో తన గ్లాసులో చూసుకుంటున్నాడు.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?" యిన్ గొంతు పెరిగింది. "ఏటా నా ఎదురుగానే కూర్చున్నావు కదా. ఏటా విన్నావు కదా!"

"నియమం ఉంది కదమ్మా. అదీగాక..." లియావ్ తొక్కలన్నీ ఒకచోటికి పోగుచేశాడు. "నీకున్నది ఒక్కటే కదా. అది లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు."

యిన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. అలవాటుకొద్దీ కళ్ళు మూసుకుంది. గోడా నెమళ్ళూ అలాగే ఉన్నాయి. కానీ ఈసారి మెడ వెనక ఎండ వేరుగా తగిలింది, ఎవరిదో చూపు అక్కడ ఆనినట్టు. తల తిప్పాలని ఎంత ప్రయత్నించినా నాలుగేళ్ళ పిల్ల తిప్పలేదు. నెమళ్ళలో పెద్దది తోక జార్చి గోడ దిగిపోతోంది, పిల్ల దాన్నే చూస్తోంది.

చాలాసేపటికి వెనక్కి వచ్చి కూర్చుంది.

"నాకప్పుడు జుట్టు ఎలా ఉండేది బాబాయ్?"

"రెండు పిలకలు. ఎర్ర దారం చుట్టి ఉండేది. వార్డులో ఏ పిల్లకీ అంత నున్నగా దువ్వేవాళ్ళు కాదు, దువ్వెన దొరకొద్దూ? పాపిడి వెనకనుంచి ముందుకి గీత గీసినట్టుండేది. మీ అమ్మ నిన్ను నాకు అందించే ముందు వెనక్కి తిప్పి, మళ్ళీ ఒకసారి సరిచూసేది."

"వెనకా?"

"వెనకే."

యిన్ తల వంచుకుంది. బియ్యం కడిగే అమ్మ వీపు గుర్తొచ్చింది. ఏడవలేదు. ష్యే పెద్దమ్మ చెయ్యి చాచి ఆమె తల వెనక జుట్టు చేత్తో నిమిరింది, పార్లర్‌లో నిమిరినట్టే, రెండువైపులా సమంగా.

మర్నాడు యిన్ శ్మశానానికి పొద్దున్నే వెళ్ళింది. చెక్కేవాడు సుద్దతో గీతలు గీసుకుని కాగితం కోసం చూస్తున్నాడు. నిన్నటి కాగితం వెనకవైపు ఆమె కొత్తగా రాసింది. అతను చదివి, తిరగేసి పాతదీ చదివి, "ఏది చెక్కాలి?" అని అడిగాడు. "వెనకది," అంది యిన్.

ఆ రాయి మీద ఇలా ఉంటుంది: మాకుం వడ్రంగి చుంగ్. కూతురిని చూస్తూ ఉండేవాడు.

యిన్‌కి ఇప్పుడు అరవై ఆరేళ్ళు. టాంగ్రాలో ఒక సాస్ దుకాణం పైగదిలో ఒక్కతే ఉంటుంది, ఆదివారాలు తప్ప రోజూ కింద దుకాణంలో సీసాలకు మూతలు బిగిస్తుంది.