దర్యూనా పెట్టిన ఉద్యోగాల పేజీ

దర్యూనా హాంకాంగ్ నుంచి తిరిగొచ్చేసరికి నడుము ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. మంచాన పడ్డ ఒక ముసలమ్మను తొమ్మిదేళ్ళు ఎత్తి దించిన ఫలితం అది. మొగుడు అప్పటికే సుబాంగ్ అనే ఊళ్ళో ఇంకో కాపురం పెట్టేశాడు. ఆమె పంపిన డబ్బుతో కట్టిన ఇల్లొక్కటే మిగిలింది. ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. చిన్నప్పుడు ఇద్దరం ఒకే బడికి వెళ్ళాం.

అక్కడ ఉన్నప్పుడే ఆదివారాలు పార్కులో కూర్చుని ఫోన్‌లో బ్లాగు రాసేది. యజమానురాలు పాస్‌పోర్టు లాక్కుంటే ఎవరికి చెప్పుకోవాలి, రాత్రిళ్ళు నాలుగుసార్లు లేపే ముసలివాళ్ళతో ఎలా నెట్టుకురావాలి, పండగపూట ఒక్కదానివే గదిలో ఉంటే ఏడుపు ఎలా ఆపుకోవాలి... ఇలాంటివే రాసేది. పరాయి ఇళ్ళల్లో అంట్లు తోముకునే మా ప్రాంతపు ఆడవాళ్ళకు ఆ బ్లాగు పుట్టింటివాళ్ళ మాటలా ఉండేది.

నడుం ఒరిగిపోయిన మనిషికి ఊళ్ళో ఎవరు పనిస్తారు? బ్లాగులో ప్రకటనలు పెట్టుకోవచ్చని ఎవరో చెబితే పెట్టుకుంది. మొదటిసారి డబ్బు వచ్చినరోజు పుల్లలకు గుచ్చి కాల్చిన కోడి సాతే కట్టించుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

"చూశావా కాస్నీ, నా ఏడుపుకి కూడా డబ్బులిచ్చారే!" అని పకపకా నవ్వింది.

అప్పట్నుంచి బ్లాగుకు ఒక్కొక్కటే తగిలిస్తూ పోయింది. హాంకాంగ్ జీతం మా దేశపు రూపయాల్లో ఎంతవుతుందో, ఏజెంటు కోత పోగా చేతికెంత మిగులుతుందో లెక్కగట్టే చిన్న పెట్టె ఒకటి పెట్టింది. ఏ ఏజెంటు మంచివాడో, ఎవడు ముంచుతాడో చదివేవాళ్ళే చెప్పుకునేలా ఇంకో పేజీ తెరిచింది. దాంతో జనం విరగబడ్డారు.

"పొద్దస్తమానం ఆ కంప్యూటర్ డబ్బా ముందు కూర్చుంటే నడుం ఏమైపోతుందే?" అని మా అమ్మ గోడ మీదుగా కేకేసేది.

"నడుం ఎలాగూ పోయింది పెద్దమ్మా, కళ్ళున్నాయిగా, అవి కూడా అరగనీ!"

ఉద్యోగాల పేజీ ఆ తర్వాత వచ్చింది. మొదట్లో ప్రతి ప్రకటనకూ తనే ఫోన్ చేసి ఆరా తీసేది. "మీ ఆఫీసు ఎక్కడండీ? లైసెన్సు ఎవరి పేర ఉంది? జీతం చేతికిస్తారా, బ్యాంకులో వేస్తారా?" అని ఆమె గద్దించడం మా వంటింట్లోకి వినబడేది. నసిగినవాణ్ణి పక్కన పడేసేది. పేజీ పైన 'ఇవన్నీ నేను స్వయంగా విచారించినవి' అని రాసుకుంది. అందులో అబద్ధం లేదు.

తర్వాత ప్రకటనలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. నడుం నొప్పి ముదిరి గంటసేపు కూర్చోలేని స్థితికి వచ్చింది. డబ్బు కట్టినవాళ్ళు తమ ప్రకటన తామే పెట్టుకునేలా మార్చేయమని, ఆమెకు సాంకేతిక పనులు చేసిపెట్టే మనిషి సలహా ఇచ్చాడు. సరేనంది. అన్నీ మారాయి కానీ, పైనున్న ఆ వాక్యాన్ని తీసేయాలని ఇద్దరికీ తట్టలేదు.

మా తమ్ముడు తర్సోనో కణవ చేపలు పట్టే పడవ మీద పనిచేసేవాడు. చమురు ఖర్చు భరించలేక ఓనరు పడవను ఒడ్డున కట్టేయడంతో ఇంట్లో కూర్చున్నాడు. ఒకరోజు ఫోన్ తెచ్చి చూపించాడు. థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఆఫీసు, టైపు చేయడం వస్తే చాలు, తిండీ బసా వాళ్ళదే.

"ఎవర్రా వీళ్ళు?" అన్నాను.

"దర్యూనా అక్క పేజీలోదే. ఆమె విచారించకుండా పెడుతుందా?"

నాకూ ఇంకేం అడగాలనిపించలేదు. దర్యూనా ఆ వారం నడుం చూపించుకోవడానికి చిరెబోన్ ఆసుపత్రికి వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేలోగా వాడు విమానం ఎక్కేశాడు.

బ్యాంకాక్‌లో దిగగానే వాణ్ణి కారెక్కించి చాలాదూరం తీసుకెళ్ళి, చీకట్లో ఒక నది దాటించి సరిహద్దు అవతలికి చేర్చారని తర్వాత తెలిసింది. కొన్ని వారాల దాకా వాడి నుంచి ఏ కబురూ లేదు. తర్వాత తెలియని నంబరు నుంచి గొంతు రికార్డు చేసిన కబురు వచ్చింది.

"అక్కా, ఇది ఆఫీసు కాదే. చుట్టూ ముళ్ళకంచె, తుపాకులు. అమ్మాయి ఫొటో పెట్టుకుని ఎక్కడెక్కడి ముసలాళ్ళతోనో ప్రేమగా మాట్లాడి డబ్బు గుంజాలట. గుంజకపోతే కరెంటు షాకులు పెడుతున్నారు. అమ్మకి చెప్పకు."

ఆ ఫోన్ పట్టుకుని నేరుగా దర్యూనా ఇంటికి వెళ్ళాను. మొత్తం వింది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను.

"ఎక్కడ చూశాడట?" అంది చివరికి.

"నీ పేజీలో."

"నా పేజీలో..." గోడ పట్టుకుని లేచి, పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకుంది. నేను వీపు నిమరలేదు. నిమరాలనిపించలేదు.

ఆ రోజే ఉద్యోగాల పేజీ మూసేసింది. జరిగింది జరిగినట్టు తన పేరుతో బ్లాగులో అన్నిటికన్నా పైనే రాసింది. ఆ వాక్యం సంగతి కూడా దాచలేదు. ఇన్నాళ్ళూ అక్కా అక్కా అన్నవాళ్ళే నోటికొచ్చినట్టు తిట్టారు. రచ్చ చూసి ప్రకటనలవాళ్ళు తప్పుకున్నారు. రాబడి ఆగిపోయింది. దర్యూనా పీతల షెడ్డులో డొప్పల్లోంచి గుజ్జు తీసే పనికి కుదిరింది. నడుం కూర్చోనివ్వదని నిలబడే చేస్తుంది.

అప్పుడే బ్లాగుకు ఇంకొకటి తగిలించింది. ఇలా చిక్కుకుపోయినవాళ్ళ ఫొటో, చివరి కబురు, కిటికీలోంచి ఫలానావి కనబడుతున్నాయని వాళ్ళు చెప్పి ఉంటే అవీ ఇంటివాళ్ళు పెట్టేందుకు ఒక పేజీ. ఎక్కడెక్కడి తల్లులో రాశారు. నీళ్ళ ట్యాంకు రంగును బట్టి, ఎదురుగా ఉన్న కొండను బట్టి, ఎవరు ఏ భవనంలో ఉన్నారో ఆమె పోల్చిపెట్టింది. ఆ వివరాలన్నీ మా దేశ రాయబార కార్యాలయానికి చేరాయి. కొంతమంది బయటపడ్డారు.

వాళ్ళలో తర్సోనో లేడు. బయటపడ్డ ఒకతను, తెగాల్ ఊరతను, మా ఇంటికి వచ్చాడు. తలెత్తకుండానే చెప్పాడు. "పారిపోబోయి దొరికాడండీ. కాలు విరగ్గొట్టారు. తర్వాత వేరే వాళ్ళకి అమ్మేశారు. ఎక్కడికో తెలీదు." అమ్మ అతనికి అన్నం వడ్డించింది. అతను తిన్నంతసేపూ అతని కాళ్ళవైపే చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం దర్యూనా మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మని నేననలేదు.

"తర్సోనో ఫొటో పేజీలో అన్నిటికన్నా పైన పెడతానే. ఎప్పటికీ అక్కడే ఉండేలా," అంది.

"వద్దు. అందరితో పాటే ఉండనీ. మిగతా తల్లులేం పాపం చేశారు?"

తలూపి వెళ్ళిపోయింది. ఇప్పటికీ షెడ్డు నుంచి రాగానే ఆ పేజీ ముందు కూర్చుంటుంది. గోడవతల ఫోన్‌లో ఎవరినో ఓదారుస్తూ ఉంటే వినబడుతుంది. మేం పెద్దగా మాట్లాడుకోం.

కొత్త ఫొటోలు వచ్చి పైన చేరుతూనే ఉన్నాయి. మా తమ్ముడి మొహం కోసం నేను రోజురోజుకీ ఇంకాస్త కిందికి వెతుక్కోవలసి వస్తోంది.