మయామీకి కొబ్బరిచెట్లు

నోరీన్ డుప్రేకి ఫోన్‌లో ఊరి పేరు చెప్పాలంటేనే ఒళ్ళు మండేది. చెప్పగానే అవతలివాళ్ళు ఫ్లోరిడాలోని మయామీ అనుకుని "అబ్బ, సముద్రం పక్కనా!" అనేవారు. ఓక్లహోమాలోని ఆ మయామీకి ఉన్నదల్లా నియోషో నది. వరదొస్తే ఇళ్ళలో చొరబడి బురద మిగిల్చిపోతుంది. ఊరికి ఆ పేరు అమెరికా ఆదివాసులైన నోరీన్ వాళ్ళ జాతి వల్ల వచ్చింది. వాళ్ళు మాత్రం తమను మ్యామియా అని పిలుచుకుంటారు.

బడి బస్సు నడిపి రిటైరైన నోరీన్‌కి, ఆ ఏడు జాతి శీతాకాలపు కూటానికి టీషర్టులు తెప్పించే పని తగులుకుంది. రెక్కలు విప్పిన బూడిదరంగు కొంగ బొమ్మ, కింద జాతి పేరు. అంతే అడిగింది. పెట్టె విప్పితే గులాబీరంగు కొంగ, అటూ ఇటూ కొబ్బరిచెట్లు!

వెంటనే ప్రెస్సుకి ఫోన్ కొట్టింది.

"మా కొంగ ఏదయ్యా?"

"బూడిదరంగు బాగా డల్లుగా ఉందండీ. మీ ఊరికి తగ్గట్టు మార్చాం. చెట్లు ఫ్రీ!"

"మాది ఓక్లహోమా! ఇక్కడ కొబ్బరిచెట్లెక్కడివి?"

"మరి మయామీ అన్నారుగా?"

"అది మా జాతి పేరు బాబూ. మా భాషలో నది దిగువన ఉండేవాళ్ళని అర్థం. ఫ్లోరిడా వాళ్ళ పేరు అక్కడి పెద్ద సరస్సు పక్కన బతికిన వేరే జనానిది. దానికి పెద్ద నీళ్ళని అర్థం చెబుతారు. రెండింటికీ చుట్టరికమే లేదు."

"ఏదైనా నీళ్ళేగా మేడం?"

నోరీన్ ఠక్కున ఫోన్ పెట్టేసింది. పక్కనే కూర్చున్న ఓపల్ పిన్ని పకపకా నవ్వింది.

"నవ్వకు పిన్నీ! సర్కారు బడిలో మన భాష మాట్లాడితే అమ్మమ్మని కొట్టారు. మన పేరుకి అర్థం తెలియకుండానే అమ్మ పోయింది. నాకు తెలిసేసరికి సగం జుట్టు నెరిసింది. వాడికి అరనిమిషంలో చెప్తే వినడే!"

ఓపల్ నవ్వు ఆగింది. "ఇండియానా నుంచి మనవాళ్ళని కాలువ పడవల్లో ఎక్కించి తోలేశారే, అప్పుడు గట్టు మీద ఎవడో మన పేరు పట్టుకుని 'దిగువకేగా, మీకు అలవాటేగా' అని ఎకసెక్కాలాడాడట. మా అమ్మమ్మ చెప్పేది. వీడు నయమే. చెట్లయినా ఫ్రీగా ఇచ్చాడు."

నోరీన్ షర్టులన్నీ లోపలివైపు బయటికి తిరగేసింది. అట్టముక్క మీద కొంగను గీసి కత్తిరించి, వంటింటి బల్ల మీద పరిచి నల్లరంగు అద్దింది. బట్ట పలచన. ఎంత అద్దినా కొబ్బరాకులు లోపల్నుంచి తొంగిచూస్తూనే ఉన్నాయి.

కూటం రోజు అందరూ నల్లకొంగతోనే వచ్చారు, ఓపల్ తప్ప. ఆవిడ గులాబీకొంగను దర్జాగా బయటికే వేసుకొచ్చింది.

"ఇదేం పని పిన్నీ!"

"నాకు రంగుంటేనే ఇష్టమే. ఎవరైనా అడిగితే ఆ రెండర్థాలూ నేనే చెప్తాలే. నువ్వు మరీ అరుస్తావు."

నోరీన్ సాయంత్రం దాకా ఆవిడతో మాట్లాడలేదు. అయినా అందరూ వరసకట్టి ఆడే నాట్యం మొదలవగానే ఆవిడ వెనకే నిలబడింది, ఆ ముసలి మోకాళ్ళు ఎక్కడ పట్టుతప్పుతాయోనని.