దగ్గకుండా ఆగిపోయిన బండి

మా కారు దగ్గలేదు, తుమ్మలేదు. పంజాగుట్ట చౌరస్తా దాటి అమీర్‌పేట వైపు వస్తుండగా ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇంజన్ చప్పుడు పోయింది, ఎర్ర దీపాలన్నీ వెలిగాయి, స్టీరింగ్ బిగుసుకుపోయింది. ఉన్న ఊపుతోనే ఎలాగో ఎడమ పక్కకు తెచ్చి నిలబెట్టాను. వెనక సీట్లో మా అత్తమ్మ కాళ్లు ముడుచుకుని పడుకుని ఉంది. ఆమెకు అప్పుడే డయాలసిస్ అయింది. అది అయిన రోజు ఆమెకు కూర్చునే ఓపిక కూడా ఉండదు.

"ఏమైందే, ఇల్లొచ్చిందా?" అంది కళ్లు తెరవకుండానే.

"లేదు అత్తమ్మా. బండి జర ఆగింది."

"ఆగనీ తియ్. దానికి సుత అలుపొస్తది గద" అని మళ్లీ కొంగు మొహం మీదికి లాక్కుంది.

ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి, "ఏందమ్మా, ఈడ పెట్టిండ్రు?" అని కసిరాడు. వెనక సీట్లో ఆమెను చూసి మాట మార్చి, తానే బండిని ఇంకాస్త పక్కకు నెట్టి వెళ్లాడు. నేను తాళం తిప్పుతూనే ఉన్నాను. ఇంజన్ తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. చాలాసేపటి తర్వాత, నేను ఆశ వదులుకుని మా ఆయనకు ఫోన్ చేస్తుండగా, చివరిసారి తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. నాకు ఒళ్లు మండింది. చెడిపోతే చెడిపోవాలి, బాగుంటే బాగుండాలి. ఈ దొంగ వేషాలేమిటి?

ఆ బండి గురించి నాకంత పంతం ఎందుకో చెప్పాలి. మొదట్లో అత్తమ్మను క్యాబ్‌లోనే తీసుకెళ్లేదాన్ని. ఒకరోజు తిరిగి వస్తుంటే ఆమెకు వాంతి అయింది. డ్రైవరు నానా మాటలు అని, మమ్మల్ని రోడ్డు మీద దించేసి వెళ్లిపోయాడు. ఫుట్‌పాత్ మీద కూర్చుని ఆమె కొంగుతో మూతి తుడుచుకుంటుంటే దారిన పోయేవాళ్లంతా చూశారు. నలుగురికి వండిపెట్టిన మనిషి, ఎవరి ముందూ తల వంచని మనిషి. ఆ రోజే చెప్పేసింది. "మన బండైతే వస్త. కిరాయి బండి ఎక్క. ఇంట్లనే పండుకుంట, ఏమైతే అదైతది."

ఉత్త మాట కాదది. ఒకసారి కారు సర్వీసుకు పోయిందని, నేను ఎంత బతిమాలినా గడప దాటలేదు. మర్నాటికి కాళ్లు ఉబ్బిపోయాయి. ఆయాసంతో పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంది. డాక్టరు ఆమెను ఏమీ అనలేదు, నన్ను తిట్టాడు. వారానికి మూడుసార్లు తప్పకుండా తీసుకురావాలని, ఇంకోసారి తప్పితే తన చేతుల్లో ఏమీ ఉండదని చెప్పాడు. అంటే లెక్క సులువు. బండి నడిస్తే అత్తమ్మ మిషన్ మీదికి వస్తుంది. బండి నడవకపోతే రాదు.

గల్లీ చివర షెడ్డులో మెకానిక్ భాయ్ ఉన్నాడు. మా బండి కొత్తగా ఉన్నప్పటి నుంచి చూస్తున్నవాడు. మాట కంటే ముందు పానా కదిలే రకం. "పెట్రోల్ పంపు పోయింది అక్కా. పక్కా" అని పంపు మార్చాడు. ఆ వారమే అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద, కోచింగ్ సెంటర్ల పిల్లలందరూ చూస్తుండగా మళ్లీ ఆగింది. ప్లగ్గులు మార్చాడు. ఎర్రమంజిల్ దగ్గర ఆగింది. బండిని షెడ్డుకు తీసుకెళ్లేసరికి మాత్రం గడియారంలా నడుస్తుంది. భాయ్ బానెట్ మీద చెయ్యి వేసి, "చూడు, మస్తు నడుస్తుంది గద" అంటాడు. కోపంలో నా తల తిరిగిపోయేది.

మా ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశాడు. "పాత బండికి ప్రాణం పొయ్యలేం. ఆదివారం ఒకతను చూడనీకి వస్తుండు, ఇచ్చేద్దాం. కొత్తది తీసుకునేదాకా అమ్మ క్యాబ్‌ల పోతది."

"పోదు."

"నేను చెప్త."

"మీరు చెప్తే వినే మనిషైతే ఫికరెందుకు? నాకు ఆదివారం దాకా టైమియ్యండి. ఎందుకు ఆగుతుందో నేను పట్టుకుంట."

ఆయన నవ్వాడు. "మొండోడు రాజు కంటే బలవంతుడంట" అన్నాడు. నేను నవ్వలేదు. ఆదివారం ఎంతో దూరంలో లేదు.

నేను ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఫిర్యాదుల సెక్షన్‌లో పనిచేస్తాను. ఇంజన్ల గురించి నాకేం తెలుసు? కానీ ఏళ్ల తరబడి జనం గోడు విని విని ఒకటి వంటబట్టింది. వచ్చినవాళ్లు కారణం చెబుతారు, దాన్ని నమ్మకూడదు. ఎప్పటి నుంచి, ఎట్లా మొదలైంది, ఆ క్షణంలో ఏం కనిపించింది అని అడగాలి. బండిని కూడా అట్లాగే అడగడం మొదలుపెట్టాను. చల్లగా ఉన్నప్పుడు ఆగిందా? లేదు, ఎప్పుడూ బాగా వేడెక్కాకే. ఆగే ముందు కుదుపు ఉందా? లేదు. పెట్రోలు అందకపోతే ఇంజన్ దగ్గుతూ, ముక్కుతూ ఆగుతుందని భాయే ఒకప్పుడు చెప్పాడు. ఇది స్విచ్ ఆపినట్టు ఆగుతోంది. ఇంకొకటి కూడా నా కంటపడింది. మెట్రో కింద ఆగినప్పుడు బండి గేరులోనే ఉంది, చక్రాలతో పాటు ఇంజన్ కూడా ఇంకా తిరుగుతోంది. అయినా ఇంజన్ వేగం చూపించే సూది టక్కున సున్నాకు పడిపోయింది. తిరిగేదాన్ని తిరగడం లేదని ఎందుకు చూపించాలి?

భాయ్ దగ్గరికి పోయి కూర్చున్నాను. "బాగున్న బండిని నువ్వు ఎన్నిసార్లు చూస్తే ఏం లాభం భాయ్? ఆగినప్పుడు చూడాలె. రేపు నేను లీవు పెడ్త. నువ్వు నా పక్కన కూసో. ఆగేదాకా తిప్పుత."

"దుకాణం ఇడిసిపెట్టి షికారుకు రమ్మంటున్నవా అక్కా?"

"అవును. చాయ్ నేనే తాగిపిస్త."

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఎండ బాగా ముదిరాక బయలుదేరాం. ఏసీ వేసి శ్రీనగర్ కాలనీ అంతా తిరిగాం. పంజాగుట్ట మీదుగా ఖైరతాబాద్ దాకా పోయి వచ్చాం. బండి బుద్ధిగా నడిచింది. ఇన్నాళ్లూ ఆగొద్దు తల్లీ అని మొక్కినదాన్ని, ఇప్పుడు ఆగవే అని మొక్కుతున్నాను. భాయ్ ఒడిలో పానాల సంచి పెట్టుకుని కునుకు తీశాడు. మళ్లీ ఖైరతాబాద్ వైపు తిప్పాను. ఎర్రమంజిల్ దగ్గర సిగ్నల్ దాటామో లేదో, ఆగిపోయింది.

"భాయ్, లే! ఆగింది!" అని అరిచాను. పెళ్లి కుదిరినంత సంతోషంగా అరిచానని తర్వాత భాయ్ అందరికీ చెప్పుకున్నాడు.

పక్కకు నెట్టి బానెట్ ఎత్తాం. తాళం సగం తిప్పితే వెనక సీటు కింద పెట్రోలు పంపు జుయ్యిమంది. అంటే పంపు బాగానే ఉంది. భాయ్ ఒక విడి ప్లగ్గును వైరుకు తగిలించి ఇంజన్ ఇనుముకు ఆనించాడు. నేను స్టార్ట్ చేస్తుంటే నిప్పు రావాలి. రాలేదు. నా ఎదురుగా సూది సున్నా దగ్గరే పడుకుని ఉంది.

"భాయ్, ఇంజన్ తిరుగుతుంటే సూది లేస్తలేదు."

భాయ్ తల ఎత్తాడు. "గీ మాట ముందే చెప్పాలె గద అక్కా."

"చెప్పిన. నువ్వు ప్లగ్గులు మార్చే జల్దీల ఉన్నవ్."

భాయ్ మొహంలో కునుకు పూర్తిగా పోయింది. ఇంజన్ తిరుగుతోందన్న కబురును కంప్యూటర్‌కు అందించే సెన్సార్ ఒకటి ఉంటుందట. ఆ కబురు అందకపోతే కంప్యూటర్ నిప్పు ఇవ్వదు, సూదిని లేపదు. "సెన్సార్ ఖతం. కొత్తది తెప్పిస్త" అన్నాడు.

పంపు ఖతం అన్నప్పుడూ ఇదే గొంతు. "తెప్పిద్దువు గానీ, ముందు దానికి పోయే వైరు తీసి చూడు" అన్నాను. గొణుక్కుంటూనే సెన్సార్ నెత్తిన బిగించి ఉన్న సాకెట్‌ను లాగాడు. అది రాలేదు. గట్టిగా ఊపి లాగితే ఊడింది. ఇద్దరం ఒకేసారి వంగి చూశాం. లోపలి పిన్నుల మీద పచ్చటి చిలుము గడ్డకట్టి ఉంది. దాని చుట్టూ పసుపు రంగు జిగురు, ఆ జిగురులో చచ్చిన చీమలు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, మేము చీమల్ని పట్టాం.

భాయ్ వేలితో గీకి వాసన చూశాడు. పడీ పడీ నవ్వాడు. "అక్కా, నీ బండికి షుగరొచ్చింది! గిది కొబ్బరినీళ్లు, పసుపు."

నాకు వెంటనే అర్థమైంది. ప్రతి అమావాస్యకు తెల్లవారుజామునే అత్తమ్మ బండికి కొబ్బరికాయ కొడుతుంది. వాచ్‌మన్‌తో బానెట్ ఎత్తించి, ఇంజన్‌కు పసుపు కుంకుమ పెట్టి, ఆ కాయ నీళ్లు చల్లుతుంది. మా మామ లారీ నడిపిన రోజుల నుంచి ఆ ఇంట్లో అదే పద్ధతి. బొట్టు ఇంజన్‌కు పెట్టాలి, నడిచేది అదే కదా అంటుంది. ఆ పాత లారీ డీజిల్ ఇంజన్‌కు నిప్పూ అక్కర్లేదు, సెన్సారూ అక్కర్లేదు. బిందెడు నీళ్లు పోసినా దానికి లెక్కలేదు.

బండి వేడెక్కితే ఆ చిలుము దగ్గర కబురు తెగుతుందట, చల్లారితే మళ్లీ అందుతుందట. భాయ్ పిన్నులు గీకి, శుభ్రం చేసి, సాకెట్ బిగించాడు. మొదటి తిప్పుకే బండి అంటుకుంది. సూది చక్కగా లేచి నిలబడింది. సాయంత్రం దాకా అవే రోడ్లు తిప్పాను. ఆగలేదు. గెలిచానన్న సంబరం మాత్రం ఇంటికి చేరేలోపే సగం చచ్చింది. అత్తమ్మ అన్నేళ్లుగా అదే పూజ చేస్తోంది. మరి ఈ ఏడే ఎందుకు ఆగింది?

మా ఆయన విషయం విని బండి అమ్మే మాట మానేశాడు. "అమ్మకు చెప్పకు" అని మాత్రం రెండుసార్లు అన్నాడు. "తన వల్లనే బండి ఆగిందని తెలిస్తే మళ్లా ఎక్కదు."

నాకూ అదే భయం. చెప్పకపోతే వచ్చే అమావాస్యకు మళ్లీ పోస్తుంది, బండి మళ్లీ నడిరోడ్డు మీద ఆగుతుంది. రెండు వైపులా గొయ్యే. దాచి లాభం లేదనుకుని రాత్రి అన్నం పెడుతూ అడిగాను.

"అత్తమ్మా, అమావాస్యకు కాయ కొట్టి, నీళ్లు ఎన్ని పోస్తరు ఇంజన్ మీద?"

"కాయల ఉన్నయన్ని పోస్త. ఎందుకు?"

"ఇదివరకు సుత గట్లనే పోసేటోళ్లా?"

ఆమె ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపింది. "ఇదివరకు నాలుగు చుక్కలు చల్లి, మిగిలినయి నేను తాగుతుంటి. గిప్పుడు డాక్టరు కొబ్బరినీళ్లు ముట్టొద్దన్నడు గద. దేవుని పేరు మీద కొట్టిన కాయ, మోరీల పారబోస్తమా? మీరేమో పండుకొని ఉంటరు. నేనైతే తాగరాదు, బండన్న తాగనీ అనుకున్న."

రోజుకు ఇన్ని అని కొలిచి తాగే నీళ్లతో ఆమె ఎట్లా బతుకుతోందో నేను రోజూ చూస్తున్నాను. గ్లాసు నేనే కొలిచి ఇస్తున్నాను. కానీ పగిలిన కాయను చేతిలో పట్టుకుని, తాగలేక, పారబోయలేక ఆమె ఆ చీకట్లో ఒక్కతే నిలబడడం నేను ఎప్పుడూ తలుచుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. అయినా చెప్పాల్సింది చెప్పాను. సాకెట్, చిలుము, చీమలు, అన్నీ.

ఆమె అంతా విని, కంచంలో చెయ్యి కడుక్కుని, లోపలికి పోయి పడుకుంది. మా ఆయన నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. మర్నాడంతా ఆమె నాతో మాట్లాడలేదు. ఆ మర్నాడు డయాలసిస్. రాకపోతే ఏం చేయాలో నాకు తెలియదు. ఎత్తుకునైనా తీసుకుపోతానని మాత్రం అనుకున్నాను.

పొద్దున్నే ఆమె గదిలోకి వెళ్తే మంచం ఖాళీగా ఉంది. కిందికి పరిగెత్తాను. అత్తమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని కారు పక్కన నిలబడి ఉంది. బానెట్ మూసే ఉంది, దాని మీద చిన్న బొట్టు ఉంది. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేతిని ఒంటికి ఆనించి పెట్టుకుని, కుడి చేత్తో గేటు పక్క రాయి మీద కాయ కొట్టింది. నీళ్లు ఒక్క చుక్క కింద పోకుండా స్టీలు గ్లాసులోకి వంచి నా ముందు పెట్టింది.

"తాగు" అంది.

"అత్తమ్మా..."

"తాగమంటున్న గద."

తాగాను. నా నోటిని, నా గొంతును చూస్తూ, గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదలకుండా నిలబడింది.

"తియ్యగున్నయా?"

"మస్తు తియ్యగున్నయి."

"అయితే సరే. పా, టైమైతుంది" అని వెనక డోరు తానే తీసుకుని ఎక్కి కూర్చుంది.