నిమ్మకాయలు కట్టిన ఉయ్యాల

తలుపు ఊడదీయకుండా పాత ఫ్రిజ్‌ను పిల్లల దగ్గరకు తేకూడదు. నా సంగతి రాసుకోవడానికి వచ్చావు కదా, ముందు ఈ మాట రాయమ్మా, మిగతాది తరువాత చెబుతాను. ఎంత పాడైన ఫ్రిజ్ అయినా తలుపు మూసుకుందంటే లోపల దూరిన పిల్ల అరుపు బయటికి వినపడదు. అందుకే నేను తెచ్చిన ఫ్రిజ్‌కు మొదట తలుపు తీయించాను, తరువాత వెనకాల ఉండే సామానంతా తీయించాను. ఆ తరువాతే అది పిల్లలకు బస్సయింది.

మేముండేది మదీనాగూడలో, హైవే మీది పెద్ద దుకాణాల వెనక సందులో. వరసగా కిరాయి గదులు, వాటి వెనక ఓనరు వాళ్ల ఖాళీ జాగా, అందులో ఒక వేపచెట్టు. గదుల్లో ఉండే ఆడవాళ్లంతా తెల్లవారగానే అపార్టుమెంట్లకు పనికి పోతారు. ఒకరు వంటకు, ఒకరు గిన్నెలకు, ఒకరు కంప్యూటరు ఉద్యోగాల వాళ్ల పసిపిల్లలను ఎత్తుకోవడానికి. నేనూ చాలా ఏండ్లు అట్లా పోయినదాన్నే. మోకాళ్లు మొండికేశాక మానేశాను. అప్పటికే మా ఆయన పోయి ఏడాది దాటింది. ఒక్కదాన్నే గదిలో కూర్చుంటే గోడలు మీదికి వచ్చినట్టుండేది. అందుకని పనికి పోయేవాళ్ల పిల్లలను చూసుకోవడం మొదలుపెట్టాను. వాళ్లు ఎవరి పిల్లలనో ఎత్తుకుంటారు, వాళ్ల పిల్లలను నేను ఎత్తుకుంటాను.

అయితే పిల్లలు ఒక్క గదిలో ఎంతసేపని ఉంటారు? మూల నుంచి మూలకు నాలుగు గంతులేస్తే గది అయిపోతుంది. ఒకరోజు నేను పొయ్యి మీద పాలు చూసి వచ్చేలోపు పక్క గదామె కూతురు సందు చివరికి పోయింది. అక్కడ నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తోంది. డ్రైవరు చూసి, దిగి, పిల్లను చంకనేసుకుని తెచ్చి నా చేతికిచ్చాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

పక్క గదామెది గోదావరి వైపు. రెండు ఫ్లాట్లలో వంట చేస్తుంది. సాయంత్రం సంగతి విని కూతుర్ని చంకకెత్తుకుంది.

"మీ మీద కోపం లేదండి పెద్దమ్మగారూ. రేపట్నుంచి దాన్ని గదిలో పెట్టి తాళం వేసుకుని పోతానండి. ఏడిస్తే ఏడుస్తుంది. ప్రాణంతో ఉంటుంది కదా."

మిగతా తల్లులు కూడా అదే మంచిదన్నారు. నేను ఈ గదులకు వచ్చిన కొత్తలో అట్లాగే చేసేవాళ్లు. కిటికీ ఊచల్లోంచి చిన్న చిన్న వేళ్లు బయటికి ఉండేవి. నేను పనికి పోతూ ఆ వేళ్లను చూడకుండా తల తిప్పుకుని పోయేదాన్ని. ఇప్పుడు మళ్లీ ఆ వేళ్లను చూడటం నావల్ల కాదు.

"కొద్ది రోజులు ఆగు బిడ్డా," అన్నాను. "వెనక జాగల జర ఆడుకునేటియి పెడ్త. పోరలు ఆడికెల్లి కదలరు."

"పిల్లలు కదలకుండా ఎలా ఉంటారండీ?"

"కదిలెటందుకే పెడ్తున్ననే! రోడ్డు మీదికి పోకుంటె సాలు గదా."

ఆమెకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. సరే, చూద్దామంది.

అపార్టుమెంట్లలో ఒక సంగతి నాకు బాగా తెలుసు. ఫ్లాటు చేతులు మారితే కొత్తవాళ్లు రాగానే ఉన్నదంతా పీకేస్తారు. నిగనిగలాడే బీరువా తలుపులు, గీత పడని స్టీలు సింకులు కింద పార్కింగులో కుప్ప పడతాయి. ఏండ్ల తరబడి నేను తోమిన సింకులు అవి. నిన్నటి దాకా మచ్చ ఉంటే నా మీద కేకలు, ఇవాళ చెత్తలో. వాచ్‌మన్లంతా ఎరిగినవాళ్లే కాబట్టి, తోపుడు బండి అడిగి తెచ్చుకుని ఒక్కొక్కటే ఇంటికి చేర్చాను. నా మోకాళ్లు దారంతా నన్ను తిట్టాయి.

మా వరసలో చివరి గదిలో బోరు మెకానిక్ ఉంటాడు. కోసేది, బిగించేది అన్నీ అతనే చేసిపెట్టాడు. బీరువా తలుపుకు సన్‌మైకా అతికించి ఉంది, అద్దంలా నున్నగా. మట్టి నింపిన సిమెంటు సంచులు పేర్చి, దాని మీదికి తలుపు వాల్చి, అంచులు చేతితో తడిమి చూసి, గుచ్చుకునే చోటల్లా గరుకు కాగితంతో రుద్దాను. జారుడుబల్ల తయారు. మొదట జారిన పిల్లాడు ఆగకుండా పోయి నా ఒళ్లో పడ్డాడు. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. అప్పుడు తెలిసింది కింద ఇసుక పోయాలని.

సింకును పాత కుట్టుమిషను స్టాండు మీద కూర్చోబెట్టాం. అది మట్టి వంటిల్లు. పక్క గదామె కూతురు మొదటి రోజే దాన్ని ఆక్రమించుకుంది. మట్టి పిసికి, వేపాకు తుంచి వేసి, కొంగు లేకపోయినా నడుముకు దోపుకున్నట్టు చెయ్యి పెట్టి, "సారుగారు ఉప్పు తక్కువ తింటారండీ. మేడంగారు అసలు అన్నమే తినరండీ," అని ఒకటే వంట. అచ్చం తల్లే. ఫ్రిజ్‌ను పడుకోబెడితే అందులో నలుగురు కూర్చుని, "లింగంపల్లి, లింగంపల్లి!" అని అరుస్తూ టిక్కెట్లకు వేపాకులు చింపేవాళ్లు. నాకూ ఒక ఆకు ఇచ్చి దిగే చోటు చెప్పమనేవాళ్లు. నేను రోజుకో చోటు చెప్పేదాన్ని. ఏ చోటు చెప్పినా బస్సు లింగంపల్లికే పోయేది.

ఇక ఉయ్యాల ఒక్కటే తక్కువైంది. నా దగ్గర మా ఆయన మంచం ఉంది.

ఇనుప పైపుల మంచం, ప్లాస్టిక్ నవారు. ఆయన చివరి నెలలు దాని మీదే గడిచాయి. మా వైపు, పోయినవాళ్ల మంచాన్ని ఇంట్లో ఉంచుకోరు, ఎవరికైనా ఇచ్చేస్తారు. ఇక్కడ ఎవరికివ్వాలి? పాత ఇనుపసామాన్ల అతను వచ్చి తూకం వేస్తానన్నాడు. ఆయన మంచానికి తూకమా అనిపించింది. వద్దు పొమ్మన్నాను. అప్పటి నుంచి అది గది వెనక గోడకు నిలబెట్టి ఉంది.

మెకానిక్ దాని కాళ్లు కోసేసి, బోర్లలో మోటార్లు దించే లావు నైలాన్ తాడుతో నాలుగు మూలలా కట్టి వేపకొమ్మకు వేలాడదీశాడు.

"ఏందక్కా, మంచాన్ని ఉరి తీస్తున్నట్టున్నది!" అన్నాడు కొమ్మ మీది నుంచి.

"పాడు నోరు ముయ్యి, ముడి గట్టిగ బిగియ్యి."

"బోరుల మోటరును మోసిన తాడక్కా. నీ మనుమలను మొయ్యదా?"

అయినా నేను నమ్మలేదు. నిండు నీళ్ల క్యాన్లు ఎక్కించి పొద్దుగూకే దాకా వేలాడనిచ్చి, కొమ్మ కిర్రుమనకపోతేనే పిల్లలను ఎక్కనిచ్చాను. ఆరుగురు ఒకేసారి కూర్చున్నారు. ఊపితే కేరింతలు సందు దాకా వినిపించాయి. ఆ కేరింతలు విని పక్క గదామె వెనక జాగాలోకి వచ్చింది. వచ్చి మంచాన్ని చూసి ఆగిపోయింది.

"ఇది పెదనాన్నగారి మంచం కదండీ?"

"అవు బిడ్డా."

"పోయినాయన మంచం మీద పసిపిల్లల్ని ఊపుతారా? దిగవే! దిగు ముందు!"

"ఆయన బతికున్నప్పుడే ఎవ్వర్ని ఒక్క మాటనలే. సచ్చినంక పోరలనంటడా?"

"మీకు తెలీదండి, రాత్రి పిల్ల ఉలిక్కిపడితే నేనేం చెయ్యాలి?"

ఒక్కొక్క తల్లీ వచ్చి ఒక్కొక్క పిల్లను దించుకుపోయింది. నాకు కోపం వచ్చింది కానీ, భయం కోపంతో పోయేది కాదు కదా. మరునాడు పొద్దున్నే తలస్నానం చేసి, తాళ్లకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, నాలుగు మూలలా నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడగట్టి, సాంబ్రాణి వేసి జాగా అంతా పొగ పట్టించాను. ఇంత చేశాక ఏ దయ్యం నిలుస్తుంది? ఇక ఎవరూ భయపడరనుకుని, ఆ పూట సంతోషంగా అన్నం తిన్నాను.

నేను చేసిన తప్పు తెల్లారి చూస్తే గాని తెలియలేదు. ఉయ్యాల కింద కొబ్బరిచిప్పలు ఉన్నాయి. మట్టిలో ఊదుబత్తీలు గుచ్చి ఉన్నాయి. కొమ్మకు ఎర్ర జాకెట్టు గుడ్డ కట్టి ఉంది. ఓనరు తల్లి, ఎనభై దాటిన మనిషి, అటుగా పోతూ పసుపు తాళ్లు, వేపమండలు చూసి పోచమ్మ తల్లి వెలిసిందనుకుంది. ఆమె దండం పెడితే సందంతా దండం పెట్టింది.

ఆ రోజు నుంచి జాగాలోకి రావాలంటే చెప్పులు విడవాలన్నారు. జారుడుబల్ల మీద కాళ్లు పెట్టొద్దన్నారు. సింకు నిండా ఎవరో పువ్వులు పోసిపోయారు. బస్సులో ప్రయాణికులు లేరు.

"మొన్న దయ్యమన్నాను, ఇవాళ దేవతంటున్నారు," అంది పక్క గదామె. "రెండిటి దగ్గరా మా పిల్ల వద్దండి. సోమవారం నుంచి తాళమే."

ఆదివారం ఓనరు తల్లి ఆటోలో ఇటుకలు వేసుకుని, తాపీమేస్త్రీని వెంటబెట్టుకుని దిగింది. వేపచెట్టు కింద తల్లికి గద్దె కట్టిస్తుందట. గద్దె లేచిందంటే ఇక ఆ జాగా పిల్లలది కాదు. మేస్త్రీ కొలతలు తీస్తున్నాడు. తల్లులంతా పనిలేని రోజు కాబట్టి చేతులు కట్టుకుని చూస్తున్నారు. పిల్లలు వాళ్ల కొంగులు పట్టుకుని నిలబడ్డారు.

నాకు ఇంకేమీ తోచలేదు. రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ పోయి, చెప్పులతోనే ఉయ్యాల ఎక్కి కూర్చున్నాను.

ఒక్కసారిగా అందరూ "అయ్యో!" అన్నారు. ఓనరు తల్లి చేతికర్ర ఎత్తింది.

"ఓ పిల్లా! దిగే! కండ్లు పోతయే!" నన్ను పిల్లా అని పిలిచే మనిషి ఆమె ఒక్కతే మిగిలింది.

"పోతె నావే పోతయవ్వా. ఇది పోచమ్మ గాదు. నా మొగని మంచం."

"మొగని మంచమా? మరి నిమ్మకాయలెందుకు కట్టినవే?"

"గీళ్లంత దయ్యమని భయపడ్డరు, గందుకు కట్టిన."

ముసలామె నిమ్మకాయలను చూసింది, నన్ను చూసింది, తను పెట్టిన కొబ్బరిచిప్పను చూసింది.

"దయ్యం గాదు, దేవత గాదు. మరి ఏందే ఇది?"

"ఉయ్యాల అవ్వా."

నేను కాలితో నేలను తన్నాను. ఉయ్యాల కదిలింది. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ మంచం పక్కన కింద కూర్చునేదాన్ని, పోయాక ఒక్కసారైనా దాని మీద కూర్చోలేదు. ఇప్పుడు అది నన్ను ఎత్తుకుని వేపాకుల్లోకి పోతోంది, మళ్లీ తెస్తోంది. నాకు ఏడుపొస్తుందనుకున్నాను. నవ్వొచ్చింది. పండ్లు లేని చోట గాలి దూరి ఈల కూడా వచ్చింది.

ముసలామె కర్రను మేస్త్రీ చేతికిచ్చింది.

"ఆపే జర. నన్ను గూడ ఎక్కియ్యుర్రి."

"అవ్వా, నీకెందుకు?" అన్నాడు మేస్త్రీ.

"నోర్ముయ్‌రా! నా పెండ్లయిన కాడికెల్లి ఒక్కపారి ఉయ్యాల ఎక్కనియ్యలే నన్ను. ఇప్పుడు అడ్డం జెప్పెటోళ్లు ఒక్కరు లేరు."

ఇద్దరు ఆడవాళ్లు చంకల్లో చేతులేసి ఆమెను నా పక్కన కూర్చోబెట్టారు. ఎముకల మూటలాగుంది, బరువే లేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మెల్లగ ఊపుర్రి" అంటుందనుకుంటే, "ఇంతేనానే మీ బలం?" అని అరిచింది. సందులో ఇస్త్రీ బండి పెట్టుకునే ఆమె వెనక నుంచి తోసింది. ఇంకొకామె ఎక్కింది. మరొకామె ఎక్కింది. అపార్టుమెంట్లలో లిఫ్టు ఎక్కాలన్నా పక్కకు జరిగి నిలబడే ఆడవాళ్లు, జుట్లు ఊడిపోయేట్టు ఊగుతూ అరుస్తున్నారు. పిల్లలు కింద నిలబడి తల్లులను నోరు తెరుచుకుని చూస్తున్నారు, తమ వంతు ఎప్పుడా అని.

పక్క గదామె ఒక్కతే దూరంగా ఉంది. కూతురు ఆమె వేళ్లు విడిపించుకుని వచ్చి నా మోకాలు పట్టుకుంది. వెనకే వచ్చిన ఆమె పిల్లను లాక్కుపోతుందని నేను బిగుసుకున్నాను. కానీ ఆమె కూతుర్ని ఎత్తి ఒళ్లో పెట్టుకుని, "కాస్త జరగండి," అని తనే కూర్చుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. మొదటి ఊపుకు "బాబోయ్!" అంది. నాలుగో ఊపుకు కళ్లు తెరిచింది.

గద్దె కట్టలేదు. ఇటుకలు వెనక్కి తీసుకుపోనని ముసలామె మొండికేస్తే, మేస్త్రీ వాటితో జారుడుబల్లకు మెట్లు కట్టాడు. దేవుడికి తెచ్చిన ఇటుకలు పిల్లల కాళ్ల కిందకా అని ఎవరో గొణిగితే, "పిల్లల కంటె దేవుడెవడే?" అని ముసలామె కర్ర చూపించింది. నిమ్మకాయలను ఆ సాయంత్రమే తెంపేశాను. పసుపు మాత్రం తాళ్లకు ఉండిపోయింది, పిల్లల అరచేతులన్నీ పచ్చగా అయ్యేవి.

సోమవారం ఇంకా టీ కూడా తాగలేదు, నా తలుపు చప్పుడైంది. పక్క గదామె. పనికి తయారై, జడ వేసుకుని, చంకలో కూతురు. లోపలికి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. తరువాత మెడ కింద పెట్టి చూసింది.

"ఏందే?"

"ఏం లేదండి. ఆ మంచం ఎక్కారు కదా, రాత్రి జ్వరం గానీ వచ్చిందేమోనని."

"రాలే. మోకాళ్లు గుంజుతున్నయ్ గంతే."

"అవి ఎప్పుడూ గుంజేవే కదండీ," అంది. ఇంకోసారి, ఈసారి అరచెయ్యి తిప్పి, నా నుదుటి మీద పెట్టి చూసుకుంది. అప్పుడు గాని కూతురిని కిందికి దించలేదు. దించిన పిల్ల నా గదిలో ఆగలేదు, వెనక తలుపులోంచి ఉరికింది. నేను చెప్పులు వెతుక్కుంటూ దాని వెనక పోయాను.